గుసగుసల ట్యూషన్

మొన్న ఆదివారం పొద్దున్న మా పై అంతస్తులో ఉండే హారిక పుస్తకం పట్టుకుని మా ఇంటికి దిగింది. బ్యాంకు పరీక్షకి చదువుకుంటోంది ఆ పిల్ల. "ఆంటీ, ఈ పాసివ్ వాయిస్ నా బుర్రకెక్కట్లేదు. ఫోన్లో సారు చెప్తన్నంతసేపూ అర్థమైనట్టే ఉంటంది, ఆపీగానే మొత్తం పోతంది" అంది. నేను టీచర్ని కాను. టెలిఫోన్ల ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైనదాన్ని. ఏవో నాలుగు కథలు అచ్చయిన పాపానికి మా కూర్మన్నపాలెం అపార్టుమెంటులో చదువుకు సంబంధించిన ప్రతి కష్టమూ నా గుమ్మమే ఎక్కుతుంది. సరే కూర్చోమని, బియ్యం ఏరుకుంటూ మొదలుపెట్టాను. కాసేపటికి ఆ పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇంకాసేపటికి ముందుకి వంగి చెవి నా నోటి దగ్గర పెట్టింది. చివరికి తనూ గొంతు తగ్గించి, "ఏటాంటీ, లోపలెవరైనా పడుకున్నారా?" అని అడిగింది. ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన కూరగాయలకి వెళ్ళారు. నేను గుసగుసలాడుతున్నానని అప్పుడు గానీ నాకు తెలియలేదు. మామూలుగా నేను మాట్లాడితే కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కి వినిపిస్తుందని మా ఆయన గోల. అలాంటిది ఇంగ్లీషు వ్యాకరణం నోట్లోకి రాగానే నా గొంతు దానంతటదే అణిగిపోయింది. ఎందుకో నాకు తెలుసు. ఆ పూట ఆ పిల్లకి చెప్పే ఓపిక లేకపోయింది, తీరిగ్గా ఇక్కడ చెబుతాను.

మా చిన్నప్పుడు మల్కాపురంలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు రేకుల వరండా. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. తక్కినవాళ్ళకి వారం వారం షిఫ్టులు మారితే, మా నాన్నకి మాత్రం ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పగటిపూట ఆ ఇనప క్యాబిన్‌లో కూర్చుంటే మనిషి ఉడికిపోతాడనీ, రాత్రయితే కాస్త సముద్రపు గాలి తగులుతుందనీ ఇతరులు వద్దనుకున్న రాత్రుల్ని తనే అడిగి పుచ్చుకునేవాడు. తెల్లారాక ఎర్ర దుమ్ము మోసుకుని వచ్చేవాడు. ఓడలకెత్తే ఖనిజం దుమ్ము అది. చొక్కా కాలరు లోపల, చెవుల వెనక, కనుబొమ్మల్లో కూడా ఉండేది. ఒంటి మీద బకెట్లకొద్దీ నీళ్ళు గుమ్మరించుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తిని, వీధిలో నలుగురినీ పలకరించి, ఎండ ముదిరే వేళకి లోపలి గదిలో చాప మీద వాలేవాడు. అక్కణ్ణించి దీపాలు పెట్టే వేళ దాకా మా ఇంట్లో మాట ఉండేది కాదు.

మాట ఉండేది కాదంటే నిజంగానే ఉండేది కాదు. అమ్మ కుక్కర్ దగ్గరే కాపలా కాసి, విజిల్ వేసే ముందు క్షణంలో దించేసేది. పోపు పెట్టాలంటే గిన్నె పట్టుకుని పక్కింటికి నడిచేది, అందుకని మా చారు వాసన ముందు పక్కింటివాళ్ళకి తెలిసేది. గాజులు మోచేతి దాకా తోసుకునేది. తలుపు గొళ్ళేనికి పాత పంచె ముక్క చుట్టి ఉండేది. చేపలమ్మే ఎర్రమ్మ వీధి మొదట్లో ఆకాశం బద్దలయ్యేలా కేకేసినా మా గుమ్మం ముందుకి వచ్చేసరికి మూగదైపోయేది. గంప దించి చేపని తోక పట్టుకుని ఎత్తి చూపించేది. అమ్మ తలూపడమో పెదవి విరవడమో చేసేది. బేరమంతా వేళ్ళ మీదే. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇంట్లో ఎవరో పోయారేమోనని మొహాలు చిన్నబుచ్చుకుని కూర్చునేవారు. నేను నోరు జారి కాస్త గట్టిగా నవ్వానా, అమ్మ తొడపాశం పెట్టి చెవిలో చెప్పేది, "ఒలే, పైనెక్కి బరువులెత్తే మనిషే ఆయన. ఆయనకి కునుకు సాలకపోతే కింద నిలబడ్డోడి పేనం పోతాది" అని. ఎవరో ముక్కూ మొహం తెలియని కళాసీ ప్రాణం నా నవ్వు మీద ఆధారపడి ఉందని నేను నిజంగా నమ్మేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే నమ్మడమే మంచిదయింది.

ఆ ఇంట్లోకి మా సత్యత్త వచ్చింది. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. శ్రీకాకుళం అవతల మా తాతయ్య ఊర్లో పుట్టి పెరిగిన మనిషి. పొలంలో పనివాళ్ళకి అంబలి పట్టుకెళ్ళి, గట్టు మీద నించుని ఒక్క కేక వేస్తే పక్క చేలో వాళ్ళు కూడా తమనే అనుకుని వచ్చేసేవారట. అలాంటి గొంతు. పంతం పట్టి బి.ఏ. చదివి, టీచరు ట్రైనింగు కూడా ముగించి, పట్నంలో ఉద్యోగం వెతుక్కుంటానని రేకు పెట్టెతో మా ఇంట్లో దిగింది. దిగిన రోజే వరండాలోంచి "వదినా!" అని పిలిచింది. అమ్మ పరిగెత్తుకొచ్చి ఆవిడ నోరు చేత్తో మూసేసింది. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చప్పుడు రాకుండా నవ్వుకున్నారు. కొన్నాళ్ళు తిరిగేసరికి అత్త గొంతు మా ఇంటి కొలతకి వచ్చేసింది. అన్నయ్య నిద్ర అంటే ఆవిడకి దేవుడి పూజ కన్నా ఎక్కువ.

ఉద్యోగం వచ్చేదాకా ఊరికే ఉండటమెందుకని, సాయంత్రాలు మా వీధి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి ఇంగ్లీషు మొదలుపెట్టింది. నాన్న లోపల నిద్రపోతుంటాడు కదా, ట్యూషనంతా గుసగుసగానే. అందరం పెదాలు ఆడిస్తూ గో వెంట్ గాన్, బ్రింగ్ బ్రాట్ బ్రాట్, డ్రింక్ డ్రాంక్ డ్రంక్. వీధిలో పోయేవాళ్ళకి నోళ్ళు కదుపుతున్న పిల్లలు కనిపించేవాళ్ళు గానీ ఒక్క ముక్క వినిపించేది కాదు. కట్ కట్ కట్, పుట్ పుట్ పుట్ వచ్చినప్పుడు మాత్రం మాకు పండగ, శ్రమ లేని క్రియలవి. అత్తకేమో తిప్పలు పెట్టే క్రియలంటేనే ఇష్టం. ఓరగా వేసిన తలుపు వైపు వేలు చూపించి, "అదిగో మా అన్నయ్య పడుకున్నాడు. ఎవులైనా పడుకోబెట్టేరేటి? నేదు కదా, తనంతట తనే పడుకున్నాడు. అది లై, లే, లెయిన్. మరి సాప? సాప తనంతట తను పరుసుకుంటాదేటి? నాను పరవాల. అది లే, లెయిడ్, లెయిడ్" అనేది. అబద్ధమాడటం కూడా లై యే కదా అత్తా అంటే, "అది లై, లైడ్, లైడ్. అబద్ధం ఎప్పుడూ ఒకేలాగ ఆడాల, నేపోతే దొరికిపోతారు" అని కళ్ళెగరేసేది. ఆ మూడింటినీ నేను ఇంతవరకూ కలిపేసుకోలేదు.

పాసివ్ వాయిస్ అయితే మా వీధి పిల్లలకి పుట్టుకతోనే వచ్చని అత్త అనేది. గ్లాసు పగలగొట్టినవాడు ఎప్పుడైనా 'నేను పగలగొట్టాను' అన్నాడా? 'గ్లాసు పగిలిపోనాది' అంటాడు. "అదే మరి. దెబ్బ తిన్నదాన్ని తెచ్చి ముందు కూకోబెట్టాల. సేసినోడు ఎనక్కెల్లి నక్కుతాడు. మరీ గదమాయించి అడిగితే బై అన్న ముక్క పక్కనుంచి తల బయటెడతాడు" అనేది. తినబడెను, కొట్టబడెను అని తెలుగులోకి మార్చుకుంటూ చదివితే మాత్రం ఒప్పుకునేది కాదు. అన్నం తినబడినది అని ఇంట్లో ఎవరైనా అంటే జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూస్తారు, మీకెందుకురా ఆ భాష అనేది. ఇక ఆ ఈజ్‌లూ వాజ్‌లూ దగ్గర అందరం తడబడేవాళ్ళం. దానికి ఆవిడ మా బతుకుల్లోంచే దారి తీసింది. క్రియ మూడో రూపం జనరల్ డ్యూటీ మనిషి అంది. ఎప్పుడూ ఒకే వేళ, ఒకే చోటు, కదలడు. షిఫ్టులు మారేది వాడి ముందుండే బి అనే క్రియ ఒక్కడే. రోజూ జరిగే పనికి ఈజ్, నిన్నటి పనికి వాజ్, రేపటి పనికి విల్ బి, ఇప్పుడు నడుస్తున్న పనికి ఈజ్ బీయింగ్. మల్కాపురం పిల్లలకి షిఫ్టులు ఒకరు చెప్పాలా? ఆ రోజుతో ఆ భయం పోయింది.

ఇలా పిల్లలైతే పోగయ్యారు గానీ ఉద్యోగం రాలేదు. ఆ సంక్రాంతి వెళ్ళాక తాతయ్య వచ్చాడు. వేసవి సెలవుల్లోగా ఉద్యోగం కుదిరితే సరే, లేకపోతే వచ్చి తీసుకుపోతాననీ, ఊర్లో మంచి సంబంధం ఉందనీ చెప్పి వెళ్ళాడు. కోపంగా కూడా చెప్పలేదు, అందుకే అత్తకి ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఆ సాయంత్రం నల్లబల్ల తుడుస్తూ నాతో, "ఊరెల్లిపోతే నాను మళ్ళీ సాక్‌పీసు ముట్టనే పద్దూ. అక్కడ నాను సదివినదంతా కుంపట్లో ఎయ్యడమే" అంది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే నేను చదివే బడిలో ఇంగ్లీషు టీచరు ఖాళీ పడింది. ఒక క్లాసుకి పాఠం చెప్పి చూపించమన్నారు. ఆ క్లాసు మాదే. పాఠం పాసివ్ వాయిసే. నా ఆనందానికి అంతు లేదు, ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను. అత్త గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది, బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసింది, మావైపు తిరిగింది, గుసగుసగా మొదలుపెట్టింది. వెనక బెంచీలోంచి ఎవడో "టీచర్, వినపడటంలేదు" అన్నాడు. అత్త ఒక అడుగు ముందుకేసి మళ్ళీ అదే గొంతుతో చెప్పింది. ఆవిడ మెడ నరాలు బిగుసుకుంటున్నాయి, గొంతు మాత్రం లేవటం లేదు. హెడ్మిస్ట్రెస్ వెనకనుంచి తన కుర్చీ కొంచెం కొంచెంగా ముందుకి జరుపుకుంటూ మా పక్కకి వచ్చేసింది. అత్త ప్రశ్న అడిగితే మా వీధి పిల్లలం మాత్రం టపీమని జవాబు చెప్పాం, అందరం కలిసి, గుసగుసగా. క్లాసంతా గొల్లుమంది. అంతసేపూ మేం ఆవిడకి సాయం చేస్తున్నామనే అనుకున్నాం.

హెడ్మిస్ట్రెస్ గోదావరి వైపు మనిషి, మర్యాదస్తురాలు. "చూడండి సత్యవతి గారూ, పాఠం చెప్పే పద్ధతి చాలా బాగుందండి. నాక్కూడా తట్టని మాటలు చెప్పారు. కానీ వెనక పిల్లలకి వినపడకపోతే ఏం లాభం చెప్పండి? వచ్చే సోమవారం ఇంకోసారి రండి. అప్పుడు కూడా ఇలాగే అయితే నేనేం చెయ్యలేను" అంది. ఆ సాయంత్రం అత్త నన్ను తీసుకుని రైలు పట్టాల అవతల ఎవరూ లేని చోటికి వెళ్ళింది. గట్టిగా అరవడానికి ప్రయత్నించింది. రైట్ రోట్ రిటెన్ అని మొదలుపెడితే రిటెన్ దగ్గరికి వచ్చేసరికి గొంతు మళ్ళీ పాతాళానికి జారిపోయేది. ఊర్లో కొంగల్ని లేపిన గొంతు. అక్కడ నాన్న లేడు, నిద్ర లేదు, అయినా ఎవరో లోపల పడుకున్నట్టే ఆవిడ మాటిమాటికీ వెనక్కి చూసేది.

మర్నాడు పొద్దున్న నాన్న చద్దన్నం తింటుంటే అమ్మ ఆగలేకపోయింది. "ఏటండీ, సత్యకి ఆ ఉద్దోగం రాదు" అంది.

"ఏటయ్యింది?"

"ఆ పిల్ల గొంతు ముందు బెంచీ దాటట్నేదంట. మనింట్లో ఉండి ఉండి గొంతు పోనాది. మీ నిద్దరే తినీసినాది."

నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఊర్లో అది కేకేస్తే నాను సెరువు అవతల్నుంచి ఇనీవోడిని కదే" అన్నాడు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అమ్మ క్యారేజీ సర్దుతుంటే వద్దన్నాడు, సోమవారం దాకా సెలవు పెట్టేశానన్నాడు. అమ్మ భయపడిపోయి ఒళ్ళు ముట్టుకుని చూసింది. మరి నేను పుట్టినప్పుడు కూడా సెలవు పెట్టని మనిషి ఆయన. ఆ విషయం అమ్మ ఎత్తిపొడవడానికి తర్వాత జీవితమంతా వాడుకుంది.

మర్నాడు ట్యూషన్ మొదలయ్యేసరికి నాన్న ఎప్పట్లాగే లోపల చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేం ఎప్పట్లాగే పెదాలు కదపడం మొదలుపెట్టాం. ఉన్నట్టుండి లోపల్నుంచి "ఇనపడ్నేదు!" అని కేక. అత్త తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"నువ్వు పడుకో అన్నయ్యా, సప్పుడు సెయ్యంలే."

"పడుకునే ఉన్నాను. నాను మీ సివరి బెంచీలో ఎదవననుకో. నాకు ఇనపడాల. సెప్పు."

అత్త చెప్పింది. "ఇనపడ్నేదు!" మళ్ళీ చెప్పింది. "ఇనపడ్నేదు!" వరండాలో మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటున్నాం. ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడటమంటే దొంగతనం చేసినంత భయం మాకు. ఇలా ఆ రోజు గడిచింది, మరో రోజూ గడిచింది. గొంతు కాస్త లేచేది, ఆవిడకే భయమేసి మళ్ళీ కూలబడేది. సోమవారం దగ్గర పడింది. చివరికి ఒక సాయంత్రం అత్త పాసివ్ వాయిస్ చెబుతూ, చేసినవాడు వెనక్కి వెళ్ళిపోతాడని అంటుండగా లోపల్నుంచి చివరి బెంచీ విద్యార్థి గొంతు వచ్చింది. "టీచరు గారూ, నాకో డౌటు. సేసినోడు ఎనక్కెల్లి నక్కితే ఆడికి డ్యూటీ ఏస్తారా, ఆప్సెంటు ఏసీస్తారా?" అత్త నవ్వింది. పొట్ట పట్టుకుని, తల వెనక్కి వేసి, రేకులు అదిరేలా నవ్వింది. మా ఇంటికి వచ్చాక ఆవిడ అలా నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వుతో గొంతులో ఏ ముడి విప్పుకుందో గానీ, "ఆప్సెంటు కాదు అన్నయ్యా, బై పెట్టి పేరు రాస్తాం!" అని అరిచిన అరుపుకి పక్కింటావిడ గరిటెతో సహా వచ్చేసింది. మేమూ అందుకున్నాం. గో వెంట్ గాన్ అని మేం వీధంతా మారుమోగించేస్తుంటే, గంపతో వచ్చిన ఎర్రమ్మ కాసేపు బిత్తరపోయి చూసి, తన వంతుగా తనూ చేపల పేర్లన్నీ అరిచేసింది.

సోమవారం మా క్లాసులో అత్త పాఠం చెప్పింది. అలా చెప్పగలదని నాకు తెలుసు, అయినా మొదటి మాట బయటికి వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. తర్వాత భయపడాల్సిన అవసరం లేకపోయింది. మొన్న వినపడలేదన్నవాడు చెవులు మూసుకుని నవ్వాడు. పక్క క్లాసు పిల్లలు కూడా మాతోపాటు ఈజ్ బ్రోకెన్, వాజ్ బ్రోకెన్ అనేస్తున్నారని ఆ క్లాసు మాస్టారు వచ్చి తొంగి చూశాడు. హెడ్మిస్ట్రెస్ ఈసారి కుర్చీ జరుపుకోలేదు. "ఇక చాలండీ, ఓడల దాకా వినపడింది. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన రోజునుంచి వచ్చెయ్యండి" అంది. ఆ మాట విని నేను బెంచీ మీదే ఏడ్చేశాను.

బయటికి వచ్చేసరికి గేటు అవతల ఎండలో సైకిలు పట్టుకుని నాన్న నిలబడి ఉన్నాడు. నా బడి ఎక్కడుందో కూడా ఆయనకి తెలియదనుకునేదాన్ని. "నువ్వేటన్నయ్యా ఇక్కడ?" అని అత్త అడిగింది. ఉద్యోగం వచ్చిందా అని ఆయన అడగలేదు. "గేటు కాడికి ఇనపడింది" అన్నాడు. అత్త రోడ్డు మీదే, అందరూ చూస్తుండగా, ఆ కొత్తగా దొరికిన గొంతుతో భోరుమంది. నాన్న కంగారుపడిపోయి, "ఒలే, ఊరుకోయే, ఊరుకో, రోడ్డే ఇది" అంటూ సైకిలు బెల్లు కొట్టాడు.

అత్త ఆ బడిలోనే రిటైరయ్యేదాకా చేసింది. పెళ్ళి కూడా తనకి నచ్చిన మనిషినే చేసుకుంది, ఇప్పుడు భీమునిపట్నంలో ఉంటుంది. మా అపార్టుమెంటులో ఇప్పుడు ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి చెవుల్లో తీగలు వాళ్ళవి. ఎవరి పాఠం ఎవరికీ వినపడదు, ఎవరి నిద్రా ఎవరివల్లా చెడదు. హాయిగానే ఉంది, కాదనను. ఊపిరి బిగబట్టుకుని పెరగడం పిల్లలకి సుఖం కాదని నాకన్నా ఎవరికి తెలుసు? కానీ మా వాచ్‌మన్ ఎప్పుడు పడుకుంటాడో నాకు తెలియదు. మల్కాపురంలో అయితే చేపలమ్మే మనిషికి కూడా మా నాన్న నిద్ర వేళ తెలుసు. ఆ తేడా తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది.

నాన్న చివరి రోజులు మా ఇంట్లోనే గడిచాయి. అన్నేళ్ళ క్రేన్ల మోత ఆయన చెవుల్ని తినేసింది. మేం ఎంత అరిచినా చెయ్యి అడ్డంగా ఊపేవాడు. పైగా నిద్ర కరువైంది. ఏ మందుకీ లొంగేది కాదు, పగలంతా కళ్ళు తెరుచుకుని కప్పు వైపు చూస్తూ ఉండేవాడు. వారానికోసారి అత్త భీమిలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. గుమ్మంలోంచే "అన్నయ్యా!" అనేది. నాన్న చటుక్కున తల తిప్పేవాడు. "అలగ అరుత్తావేటే, నాకేటి సెముడా?" అని విసుక్కునేవాడు. అత్త ఆ మాట పట్టించుకునేది కాదు. మంచం పక్కన కూర్చుని ఊరి సంగతులు, బస్సు సంగతులు, తన పాత పిల్లల సంగతులు గోడలు అదిరేలా చెబుతూనే ఉండేది. మెల్లగా నాన్న కళ్ళు మూతపడేవి. గొంతు తగ్గించమని నేను సైగ చేస్తే అత్త వద్దన్నట్టు తలూపి ఇంకా గట్టిగా చెప్పేది, నాన్న ఆ గొంతు వింటూ నిద్రపోయేవాడు.